ఎవరికి, అని అడగని దుకాణం

మా మేనకోడలికి పధ్నాలుగేళ్ళు. తెలుగు చదవడం వచ్చు గానీ స్కూలు వాచకం దాటి ఎప్పుడూ ఏమీ చదవలేదు. దాని పుట్టినరోజుకి ఒక తెలుగు పుస్తకం కొనిద్దామనుకున్నాను. అర్ధరాత్రి పని అయ్యాక, బద్ధకం కొద్దీ, ఫోన్లో ఉన్న ఏఐ అసిస్టెంట్‌నే అడిగాను. దాని పేరు అనవసరం. తర్వాత ఇంకో రెండిటిని కూడా అడిగి చూశాను, పెద్ద తేడా లేదు. "పధ్నాలుగేళ్ళ అమ్మాయి చదవగలిగే తెలుగు పుస్తకాలు ఐదు చెప్పు. కృష్ణా జిల్లా నేపథ్యం అయితే మంచిది. దివిసీమ ఉప్పెన మీద ఏమన్నా ఉన్నా సరే. కొనాలి" అన్నాను.

రెండు మూడు సెకన్లలో ఐదు పేర్లు వచ్చాయి. వరస నంబర్లు, రచయితల పేర్లు, ప్రచురణ సంవత్సరాలు, ఒక్కోదానికీ మూడు వాక్యాల పరిచయం. మొదటిది నిజంగా ఉన్న పుస్తకమే, కాకపోతే గోదావరి ఒడ్డు కథలు. రెండోదీ ఉన్నదే, రచయిత మాత్రం వేరే. మూడోది వేయిపడగలు. పధ్నాలుగేళ్ళ పిల్లకి! మిగిలిన రెండు పుస్తకాల్నీ నాకు తెలిసి ఎవరూ రాయలేదు. ఎంత వెతికినా ఎక్కడా దొరకలేదు. అందులో ఒకదానికి 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఒక బడిపంతులు కూతురు కథ అని పరిచయం రాసింది. చదివితే నాకే కొనాలనిపించింది. లేని పుస్తకాల గురించే బాగా రాసింది, అదీ చిత్రం.

మర్నాడు ఆఫీసు అయ్యాక ఏలూరు రోడ్డు వెళ్ళాను. అక్కడొక కొట్లో కౌంటర్ దగ్గర కూర్చునే పెద్దాయన్ని అదే అడిగాను. ఆయన పేర్లేమీ చెప్పలేదు. "ఎవరికి బాబూ?" అన్నాడు. చెప్పాను. "కథలు వింటుందా? నిద్రపోయే ముందు ఫోన్ చూస్తుందా? ఒక్కత్తే కూతురా?" అన్నాడు. ఇవన్నీ దేనికి అనిపించింది. "ఉప్పెన ఇప్పుడే వద్దులే. ముందు దీన్నివ్వు" అని అమరావతి కథలు తీసి పెట్టాడు. "ఒక్కోటీ రెండు మూడు పేజీలు. రోజుకొకటి చదివి పడుకుంటుంది. బాపు బొమ్మలుంటాయి, అవి చూసైనా తిప్పుతుంది. నచ్చకపోతే తెచ్చిచ్చెయ్, నలక్కుండా ఉంటే తీసుకుంటా."

ఇక్కడితో ఆపేస్తే ఇది మనందరం ఇప్పటికే నాలుగుసార్లు చదివిన వ్యాసం అయిపోతుంది. యంత్రానికి హృదయం లేదు, ఏలూరు రోడ్డు పెద్దాయనకి ఉంది, అయ్యో పోతున్నది మన సంస్కృతి, ఇట్లు ఒక బాధాతప్త పాఠకుడు. నాకు ఆ వ్యాసం మీద కూడా కోపమే. ముందు దాని సంగతి చూద్దాం.

*

ఫ్లిప్‌కార్ట్ 2007లో మొదలైనప్పుడు అది పుస్తకాల దుకాణం. అందులో మొట్టమొదటి పుస్తకం కొన్నది మన తెలుగువాడే, మహబూబ్‌నగర్ మనిషి. కొన్నది జాన్ వుడ్ రాసిన 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు ఛేంజ్ ద వరల్డ్'. ఈ ఒక్క సంగతిలోనే ఆన్‌లైన్ అమ్మకం మనకెందుకు అవసరమైందో ఉంది. పుస్తకాల కొట్టు అనేది విజయవాడలోనూ హైదరాబాదులోనూ ఉండే వస్తువు. మహబూబ్‌నగర్ వాడికి, అవనిగడ్డ వాడికి, కైకలూరు వాడికి ఆ పెద్దాయన ఎప్పుడూ లేడు. లేనిదాన్ని వాళ్ళు పోగొట్టుకున్నారని మనం ఏడవడం ఏం న్యాయం?

విజయవాడలో ఉన్నవాళ్ళకి మాత్రం అందరికీ ఉన్నాడా? పాత రోజుల పుస్తకాల కొట్టు గురించి రాసేవాళ్ళంతా అక్కడి 'చర్చల' గురించి మురిసిపోతారు. సాయంత్రం ఆరింటికి కౌంటర్ చుట్టూ చేరి కవిత్వం మాట్లాడుకునే పదిమందీ మగవాళ్ళే అయినప్పుడు, వాళ్ళ మధ్యలోంచి చెయ్యి చాపి ఒక నవల అడగడానికి ఇంటర్ చదివే అమ్మాయికి ఎలా ఉంటుందో ఆ వ్యాసాల్లో ఉండదు. నా స్నేహితురాలు ఒకామె తను చదవాలనుకున్న స్త్రీవాద పుస్తకాలన్నీ ఆన్‌లైన్‌లోనే కొన్నానని చెప్పింది. "కొట్లో వాళ్ళు పుస్తకం చూసి, నన్ను చూసి, మళ్ళీ పుస్తకం చూసేవాళ్ళు" అంది. 'ఎవరికి' అనే ప్రశ్న నాకు ఆప్యాయంగా వినపడింది. ఆమెకి అదే ప్రశ్న పోలీసు ప్రశ్నలా వినపడేది. ఎవరూ ఏమీ అడక్కుండా అట్టపెట్టెలో ఇంటికొచ్చే పుస్తకం కొంతమందికి స్వేచ్ఛ. దీన్ని మర్చిపోయి రాసే ఏ ఏఐ వ్యతిరేక వ్యాసమూ నమ్మదగ్గది కాదు.

మన తరఫున ఇంకొకళ్ళు ఎంపిక చేయడం కూడా కొత్తేం కాదు. మచిలీపట్నంలో పుట్టిన ఎమెస్కో ఒకప్పుడు 'ఇంటింటా గ్రంథాలయం' నడిపింది. చందాదార్లకి పోస్టులో పుస్తకాల కట్ట వచ్చేది. ఇంట్లో తెలుగు నవలలున్న మా ముందు తరం వాళ్ళలో చాలామందికి ఆ నవలలు అలా వచ్చినవే. ఎవరో ఎంచి పంపినవి చదివి పాఠకులైన తరం అది. కాబట్టి 'నా పుస్తకం నేనే వెతుక్కోవాలి' అనే సూత్రం కూడా నేను పట్టుకోను.

మరి ఇప్పుడు గొడవేంటి?

*

పదేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. అందులో రెండేళ్ళు ఒక షాపింగ్ యాప్ కోసం పనిచేశాను. కాబట్టి లోపల ఏం మారిందో కొంచెం చెప్పగలను.

'ఇది కొన్నవాళ్ళు అది కూడా కొన్నారు' అనే పెట్టె మీరందరూ చూసే ఉంటారు. దాని వెనకున్న పద్ధతిని అమెజాన్ ఇంజనీర్లు ముగ్గురు 2003లో ఒక పేపర్‌గా రాశారు. మా తరం ఇంజనీర్లు చాలామంది దాన్ని చదివే పనిలోకి దిగారు. ఆ పద్ధతికి పుస్తకంలో ఏముందో తెలీదు, తెలుసుకోవాల్సిన అవసరమూ లేదు. అది లెక్కలు మాత్రమే కడుతుంది. ఫలానా రెండు వస్తువుల్ని ఒకే మనిషి ఎన్నిసార్లు కొన్నాడు, అంతే. అసమర్థుని జీవయాత్ర కొన్నవాళ్ళు చివరికి మిగిలేది కూడా కొంటున్నారని తెలియడానికి దానికి ఒక్క తెలుగు అక్షరం రానక్కర్లేదు. అంటే ఆ మొద్దు లెక్క ముందు తెలుగూ ఇంగ్లీషూ దాదాపు సమానం. కొనేవాళ్ళు ఉంటే చాలు.

ఇప్పటి యంత్రం లెక్క వేరు. ఇది చదువుతుంది. చదివిన దాన్ని బట్టి వాక్యాలు అల్లుతుంది. అమెజాన్ రూఫస్ అనే సహాయకుణ్ణి 2024 ఆగస్టులో మన దేశంలో ప్రయోగాత్మకంగా తెచ్చింది. 2025 అక్టోబరులో ఓపెన్ఏఐ, ఎన్‌పీసీఐ, రేజర్‌పే కలిసి చాట్‌జీపీటీ లోపలే యూపీఐతో డబ్బు కట్టి కొనే ఏర్పాటు పరీక్షిస్తున్నామని ప్రకటించాయి. మొదట చేరినవాళ్ళలో బిగ్‌బాస్కెట్ ఉంది. అంటే అడగడం, ఎంచడం, డబ్బు కట్టడం ఒకే సంభాషణలో అయిపోతాయి. మధ్యలో అర అనేదే ఉండదు.

కందిపప్పుకి ఇది బ్రహ్మాండం. అయిపోయిందని చెప్తే తెప్పించేస్తుంది, నాకేం అభ్యంతరం లేదు. అదే పద్ధతి పుస్తకానికి వచ్చేసరికి యంత్రం తను చదివిన దాంట్లోంచే చెప్పాలి. మరి మన పుస్తకాల గురించి అది ఏం చదివింది?

ఒక చిన్న లెక్క. 'బుక్' అన్న మాట ఇంగ్లీషులో రాస్తే కంప్యూటర్‌లో నాలుగు బైట్లు. 'పుస్తకం' యూనికోడ్‌లో రాస్తే ఇరవై ఒకటి. ఒక్కో తెలుగు గుర్తుకీ, గుడికీ, కొమ్ముకీ, సున్నాకీ మూడేసి బైట్లు పడతాయి. ఇది ఎవరి కుట్రా కాదు, ఆ ఏర్పాటు అలా ఉంది. అసలు బరువు వేరేచోట ఉంది. అలా రాసింది ఎంత? మన పుస్తకాల్లో చాలావాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు. రచయిత సొంత డబ్బుతో అయిదొందల కాపీలు వేసుకుంటాడు. ప్రచురణకర్త పేరు చోట రచయిత ఇంటి అడ్రసు ఉంటుంది. ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కళ్ళు ఒక్కో స్పెల్లింగుతో పెడతారు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్ళు వేల తెలుగు పుస్తకాలు స్కాన్ చేశారు, వాళ్ళకి దణ్ణం పెట్టాలి. కానీ అవి ఫొటోలు. పేర్లు ఎలా పడ్డాయో చూసినవాళ్ళకి తెలుసు, సొంత రచయితే గుర్తుపట్టలేడు.

ఇన్నాళ్ళూ ఇదంతా మన సోమరితనం, పండితుల తలనొప్పి. ఇప్పుడది కొనుక్కునేవాడి చేతిదాకా వచ్చింది. నెట్‌లో పేరు సరిగ్గా లేని పుస్తకం ఆ సంభాషణలో ఉండదు. సంభాషణలో లేని పుస్తకాన్ని ఎవరూ అడగరు. పాత అర మీద అయితే వెనకవరసలో దుమ్ము పట్టినా ఉండేది. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టలో అడుగున ఉన్నా, ఎవడో ఒకడు ఏదో వెతుకుతూ దాన్ని లాగేవాడు. నేను అలా లాగినవే నా దగ్గరున్న మంచి పుస్తకాల్లో సగం. ఐదు పేర్ల జాబితాకి అడుగు ఉండదు. ఆరో పుస్తకం రాసినామె ఎక్కడికి పోవాలి?

*

పుస్తకాలు పక్కన పెట్టి చీరల సంగతి చూద్దాం. ఇదే జబ్బు అక్కడ ఇంకా బాగా కనిపిస్తుంది.

మా అమ్మకి కలంకారీ పిచ్చి. పెడన మచిలీపట్నానికి పక్కనే. అక్కడ గుడ్డని కరక్కాయ రసంలో, పాలల్లో నానేసి, ఆరేసి, చెక్క అచ్చులతో ఒక్కో రంగూ విడివిడిగా అద్దుతారు. నల్లరంగు ఇనప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టి చేస్తారు. ఎరుపు పట్టడానికి పటిక వాడతారు. పారే నీళ్ళలో ఉతుకుతారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అదే డిజైన్‌ని స్క్రీన్ ప్రింటుతోనో డిజిటల్ ప్రింటుతోనో పాలిస్టర్ మీద కొట్టి చవగ్గా అమ్మడమూ ఉంది. దాన్నీ 'కలంకారీ' అనే పిలుస్తారు.

ఒకరోజు అమ్మ చీర ఫొటో తీసి యాప్‌లో వెతికాను. 'ఇలాంటివి' అని ముప్పై చీరలు చూపించింది. డిజైన్లు నిజంగానే దగ్గరగా ఉన్నాయి, ఆశ్చర్యపోయాను. ఫోన్ అమ్మ చేతికిచ్చాను. ఆవిడ ఒకటి నొక్కి, పెద్దది చేసి చూసి, "వెనక చూపించమనరా" అంది.

వెనక ఉండదు. ఉన్నా ఎవరూ పెట్టరు. బీసెంట్ రోడ్డులోనైనా వస్త్రలతలోనైనా మా అమ్మ మొదట చేసే పని చీర మడత విప్పి వెనక్కి తిప్పడం. రంగు అవతలికి దిగిందా, అచ్చుకీ అచ్చుకీ మధ్య అతుకు ఎక్కడన్నా వెంట్రుకవాసి పక్కకి జరిగిందా అని చూస్తుంది. జరిగితే ఆవిడకి సంతోషం. చేత్తో చేసినట్టు అది సాక్ష్యం. ముక్కు దగ్గర పెట్టి వాసన కూడా చూస్తుంది. ఫొటో చూసే యంత్రం డిజైన్ని గుర్తుపడుతుంది, పనిని గుర్తుపట్టదు. దాని కళ్ళకి పెడనలో నాలుగు రోజులు ఎండలో ఆరిన గుడ్డా, మిషన్లో నిమిషానికి ఇన్ని మీటర్లు బయటికొచ్చే గుడ్డా ఒకే 'స్టైల్'. పైగా అతుకు జరగని గుడ్డే ఫొటోలో అందంగా ఉంటుంది. అందంగా ఉన్నదాన్నే ఎక్కువమంది నొక్కుతారు. ఎక్కువమంది నొక్కినదే పైకొస్తుంది. మా అమ్మ ఏ గుర్తు చూసి అసలుదని పట్టుకుంటుందో, ఆ గుర్తే అక్కడ లోపం కింద లెక్క.

అమ్మకం పేజీలో రాసిన మాటల్నే యంత్రం నమ్ముతుంది. అమ్మేవాడు 'కలంకారీ' అని రాస్తే కలంకారీ. పుస్తకాల విషయంలో కూడా జరిగింది ఇదే, కాకపోతే అక్కడ ఆ మాటలు రాసింది మనం. దాని సంగతికి వస్తా.

*

అంతకుముందు ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. "కొట్లో పెద్దాయన మాత్రం నిష్పక్షపాతా? వాడి సరుకే వాడూ అంటగడతాడు" అని మిత్రుడొకడు వాదించాడు. నిజమే. ఏలూరు రోడ్డు ఇంకో పేరు కార్ల్ మార్క్స్ రోడ్డు, అక్కడి పుస్తకాల కొట్లకి పక్షాలు లేవని ఎవరన్నారు? విశాలాంధ్రకి వెళ్తే సీపీఐ, ప్రజాశక్తికి వెళ్తే సీపీఎం. ఒకప్పుడు విశాలాంధ్రలో సోవియట్ అనువాదాలు కారుచవగ్గా దొరికేవి, ఎందుకు చవకో కొనే కుర్రాడికీ తెలుసు. భక్తి పుస్తకాల కొట్టుకి వెళ్తే ఏం దొరుకుతాయో, ఏం దొరకవో మెట్లెక్కకముందే తెలుసు. పక్షం బోర్డు మీద రాసి ఉండేది. అది చదివే లోపలికి వెళ్ళేవాళ్ళం, కావాలంటే పక్క కొట్టుకి పోయేవాళ్ళం.

సంభాషణకి బోర్డు ఎక్కడ పెడతారు? అది స్నేహితుడి గొంతుతో మాట్లాడుతుంది. రూఫస్ జవాబుల్లోకి ప్రకటనలు వస్తాయని 2024లోనే తేలింది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 'డార్క్ ప్యాటర్న్స్' మీద మార్గదర్శకాలు తెచ్చింది. పదమూడు రకాల మోసపు పద్ధతులు అందులో ఉన్నాయి. వేషం మార్చిన ప్రకటన వాటిలో ఒకటి. మంచిదే. కానీ ఆ జాబితా తెరమీద పెట్టెలూ బొత్తాలూ ఉన్న కాలాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. పెట్టె మీద 'ప్రకటన' అని చీటీ అంటించొచ్చు. "మీ మేనకోడలికి ఇది బాగా నచ్చుతుందనుకుంటున్నాను" అనే వాక్యంలో ఏ అక్షరం డబ్బిచ్చి రాయించుకున్నదో దానికి చీటీ ఎక్కడ అంటిస్తారు?

ఇంకో సంగతి, ఇది నా సొంత పాపం. నేను పనిచేసిన యాప్‌లో ఒకసారి బహుమతులు కొనేవాళ్ళకి నాలుగు ప్రశ్నలు అడిగే ఏర్పాటు చేశాం. ఎవరికి, వయసెంత, ఏం ఇష్టం, ఎంతలో. రాయడం చిటికెలో పని. పెట్టాక చూస్తే ఒక్కో ప్రశ్న దగ్గరా కొందరు జారిపోతున్నారు. మా దగ్గరున్న కొలత ఒక్కటే, యాప్ తెరిచినవాళ్ళలో కొన్నవాళ్ళెందరు. ఆ అంకె పడింది. రెండు వారాల్లో ప్రశ్నలు తీసేశాం. తీసేస్తూ కోడ్ సమీక్షకి పంపింది నేనే. కాబట్టి యంత్రం 'ఎవరికి' అని అడగలేదని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను. శుభ్రంగా అడగగలదు. అడగొద్దనుకున్న మనుషులున్నారు, వాళ్ళలో నేనొకణ్ణి. పెద్దాయన అన్న మిగతా రెండు మాటలు కూడా అంతే. 'ఇది ఇప్పుడే వద్దు', 'నచ్చకపోతే తెచ్చిచ్చెయ్'. వద్దు అని చెప్పడం యంత్రానికి నేర్పడం కష్టమేం కాదు. వద్దు అన్న ప్రతిసారీ ఆ అంకె పడుతుంది. ఆయనకైతే మళ్ళీ నేను రావడం ముఖ్యం, ఆ అంకె ఆయన గల్లాపెట్టెలో లేదు.

*

ఇప్పుడు మన వంతు.

ఆ అర్ధరాత్రి యంత్రం ఇచ్చిన ఐదు పరిచయాల్నీ మళ్ళీ తీసి చదివాను. ఉన్న పుస్తకానికీ లేని పుస్తకానికీ ఒకే మాటలు. 'మానవ సంబంధాలను హృద్యంగా ఆవిష్కరించిన రచన.' 'మట్టివాసన గుబాళించే కథనం.' 'గ్రామీణ జీవితానికి అద్దం పట్టిన అపురూప సృష్టి.' 'పాఠకుడి గుండెను తడిమే శైలి.' ఈ భాష ఎక్కడో విన్నట్టుంది అనుకున్నాను. ఎక్కడో ఏంటి, మన పుస్తకాల ముందుమాటలు ఇవే. ఆవిష్కరణ సభల ప్రెస్‌నోట్లు ఇవే. ఆదివారం అనుబంధాల్లో నాలుగంగుళాల 'స్వీకారం' ఇదే. ఫేస్‌బుక్‌లో మిత్రుడి పుస్తకం అట్ట పట్టుకుని దిగిన ఫొటో కింద రాసే మూడు వాక్యాలూ ఇవే.

యంత్రం అబద్ధం ఆడిందని నేను కోప్పడ్డాను. అది మన అబద్ధాల్నే చదివి నేర్చుకుంది. ఏ పుస్తకానికైనా సరిపోయే పరిచయాలు మనం నలభై ఏళ్ళుగా రాసుకుంటూ వచ్చాం. ఏ పుస్తకానికైనా సరిపోయేది లేని పుస్తకానికీ సరిపోతుంది. పుస్తకంలో ఎవరున్నారు, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఏ గొడవ, ఎన్ని పేజీలు, ఏ వయసువాళ్ళు చదవొచ్చు, ఎక్కడ విసుగొస్తుంది? ఇవి ఒక్కటీ మన సమీక్షల్లో దొరకవు. విసుగొస్తుందని రాస్తే రచయిత మాట్లాడడం మానేస్తాడు. అందుకని 'అక్కడక్కడా అచ్చుతప్పులు ఉన్నాయి' అని మన విమర్శ ముగిస్తాం. తెలుగు విమర్శలో అచ్చుతప్పుల మీద ఉన్నంత ధైర్యం ఇంక దేనిమీదా ఉండదు.

నేను కూడా అంతే. ఇలాంటి పత్రికల్లోనే రెండు సమీక్షలు రాశాను. మొన్న తీసి చూసుకుంటే ఒకదాంట్లో 'హృద్యం' రెండుసార్లు ఉంది.

మీరు అనొచ్చు, కంపెనీలు మన రాతల్ని అడక్కుండా తీసుకుని వాడి లాభం చేసుకుంటుంటే, వాటికోసం మనం బాగా రాసిపెట్టాలా అని. సూటి ప్రశ్నే. ఆ డబ్బులో రచయితకి వాటా ఉండాలన్న పోరాటం జరగాల్సిందే, నేను అటువైపే. కానీ ఆ పేరు చెప్పి మన పని ఎగ్గొట్టడం కుదరదు. మంచి సమీక్ష ముందు మనిషికి పనికొస్తుంది. కైకలూరులో ఉన్న కుర్రాడు, ఏ కొట్లోనూ అడగలేని అమ్మాయి, మేనకోడలికి పుస్తకం వెతికే నాలాంటివాడు చదువుతారు. తర్వాత దాన్ని యంత్రం చదివితే చదవనీ. మనం రాయకపోతే అది ఊరుకోదు, కల్పిస్తుంది. కల్పించిన పుస్తకం పేరు పట్టుకుని ఎవడో ఏలూరు రోడ్డుకొచ్చి అడుగుతాడు. పెద్దాయన లేదంటాడు. వచ్చినవాడు యంత్రాన్ని నమ్ముతాడా, ఆయన్నా?

అందుకని నేను అడిగేవి కొన్నే. పుస్తకం వేసేవాళ్ళు ఐఎస్‌బీఎన్ తీసుకోండి, మన దేశంలో దానికి డబ్బు కట్టక్కర్లేదు. అమ్మకం పేజీలో పేరు తెలుగు లిపిలో పెట్టండి, లోపల ఏముందో నాలుగు వాక్యాలు విశేషణాలు లేకుండా రాయండి. చదివేవాళ్ళు చదివిన ప్రతి పుస్తకం గురించీ ఎక్కడో ఒకచోట, నెట్‌లో అందరికీ కనపడేచోట, రెండొందల మాటలు రాయండి. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో కూడా రాయండి. విజయవాడ పుస్తక మహోత్సవానికి ఏటా జనవరిలో వెళ్తాం. స్వరాజ్ మైదానం పోయి వేరే మైదానాలకి మారినా 2025లో ముప్పై ఐదోది జరిగింది, జనం వస్తూనే ఉన్నారు. సంచీ నింపుకుని సెల్ఫీ పెడతాం. ఆ సంచీలో పుస్తకాల గురించి మళ్ళీ జనవరిలోపు ఎంతమందిమి ఒక్క ముక్క రాస్తున్నాం?

ఇక కంపెనీల్లో ఉన్న నా తోటి ఇంజనీర్లకి ఒకటే మాట. తెలీనప్పుడు తెలీదని చెప్పేలా రాయండి. "ఈ భాషలో నాకు పుస్తకాలు సరిగ్గా తెలియవు, మీ ఊళ్ళో కొట్టుంటే కనుక్కోండి" అన్న వాక్యం రాయడానికి పరిశోధన అవసరం లేదు. అంకె పడుతుందని మీ మేనేజరు అంటాడు. పడనివ్వండి. నేను ఆరోజు ఆ మాట అనలేదు, ఇప్పటికీ గుర్తొస్తూ ఉంటుంది.

*

మూడు వారాల తర్వాత మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, పదకొండు కథలు చదివా. ఇంక చాలు, బోర్. తెచ్చిచ్చేస్తే తీసుకుంటారన్నావు కదా" అంది. నాకు కొంచెం ఉసూరుమంది. సరేనని ఆదివారం దాన్ని బండి మీద ఎక్కించుకుని ఏలూరు రోడ్డు తీసుకెళ్ళాను. నేను సంజాయిషీ చెప్పబోతుంటే పెద్దాయన నన్ను పట్టించుకోలేదు. దాని చేతిలోంచి పుస్తకం తీసుకుని, పేజీలు తిప్పి, "పదకొండు చదివావా? ఏవి నచ్చలా?" అన్నాడు.

అది మొదట నసిగింది. తర్వాత మొదలుపెట్టింది. ఫలానా కథలో ముసలాయన అలా ఎందుకు ఊరుకున్నాడు, ఇంకోదాంట్లో ఆడవాళ్ళకి మాటలే లేవేంటి, దేవుడు అస్తమానం ఎందుకొస్తాడు? పావుగంట మాట్లాడింది. స్కూలు వాచకం దాటి తెలుగు చదవని పిల్ల, తెలుగు కథల మీద తెలుగులో ఫిర్యాదు చేస్తోంది. నేను పక్కన నిలబడి విన్నాను. ఇది రాసిపెడితే, నేను ఇప్పటిదాకా చదివిన సమీక్షలన్నిటికంటే పనికొచ్చే సమీక్ష.

ఆయన లోపలికెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చాడు. ఏ పుస్తకమో ఇక్కడ చెప్పను. అది చదవడం అయ్యాక మేనకోడలే రాస్తానంది, రెండొందల మాటలు. నచ్చకపోతే నచ్చలేదనే రాస్తానని ముందే షరతు పెట్టింది.